ఒకే పాట, ఒకే బల్ల: బిషప్పు అజరయ్య జీవితయాత్ర

ప్రభువైన యేసు తన శిష్యులతో కలిసి చేసిన చివరి భోజనం పాటతో ముగిసింది. రొట్టె విరిచి, పాత్ర అందించిన తర్వాత వారు కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లారని మత్తయి, మార్కు ఇద్దరూ రాశారు. పస్కా భోజన సమయంలో యూదులు పాడుకునే కీర్తనలు 113 నుంచి 118 వరకు ఉన్నవి. మరికొద్ది గంటల్లో సిలువ ఎక్కవలసిన ప్రభువు వాటినే పాడి ఉంటాడని బైబిల్ పండితులు చెబుతారు. అంటే మొదటి సంస్కార భోజనమే పాటతో కూడిన ఆరాధన. ఆదివారం ఉదయం మన గుళ్లలో గాయక బృందం ముందుండి, సంఘమంతా కలిసి పాడే సంస్కార ఆరాధనకు మూలం అక్కడే ఉంది.

బాన్సువాడ చుట్టుపక్కల ఉన్న సీఎస్‌ఐ సంఘాలకు ఈ ఆరాధన క్రమం కొత్త కాదు. మొదట కనికరం కోరే చిన్న ప్రార్థన, ఆ తర్వాత బేత్లెహేము రాత్రి దూతలు పాడిన మహిమగీతం, రొట్టె ద్రాక్షారసాలను ఆశీర్వదించే ముందు యెషయా దర్శనంలో సెరాపులు పలికిన త్రిపరిశుద్ధ గీతం, చివర లోకపాపం మోసిన దేవుని గొర్రెపిల్లను వేడుకునే పాట. పుస్తకం తెరవకుండానే పాడగలిగిన పెద్దలు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. అయితే ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. మంజీరా తీరంలోని ఈ ప్రాంతంలో సువార్త నాటింది వెస్లియన్ మెథడిస్టు మిషనెరీలు. మెదక్‌లో 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మహాదేవాలయం వారి పరిచర్య ఫలమే. మరి ఆంగ్లికన్ సంప్రదాయపు వాసన ఉన్న ఈ ఆరాధన క్రమం మెథడిస్టు నేలకు ఎలా వచ్చింది? డోర్నకల్‌లో కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పాడే క్రమాన్నే మనమూ ఎందుకు పాడుతున్నాం?

దీనికి జవాబు వెతికితే ఒక మనిషి జీవితం దగ్గరకు చేరుకుంటాం. ఆయన తెలుగువాడు కాడు. మన జిల్లాలో పరిచర్య చేసినవాడూ కాడు. తాను కోరుకున్న ఐక్యతను కళ్లారా చూడకుండానే కన్నుమూశాడు. ఆయనే డోర్నకల్ బిషప్పు వేదనాయగం శామ్యూల్ అజరయ్య.

తల్లి ప్రార్థన, తండ్రి బాట

అజరయ్య 1874 ఆగస్టు 17న తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతంలో, వెల్లాలన్‌విళై అనే చిన్న గ్రామంలో పుట్టాడు. తండ్రి థామస్ వేదనాయగం హైందవ కుటుంబంలో పుట్టి, క్రీస్తును అంగీకరించి, ఆంగ్లికన్ సంఘంలో గ్రామ పాస్టరుగా పనిచేసినవాడు. తల్లి ఎలెన్ హన్నా వలె కుమారుని కోసం ప్రార్థించి, ఆ బిడ్డకు సమూయేలు పేరే పెట్టుకుంది. 1889లో తండ్రి చనిపోయాడు. అప్పటికి అజరయ్యకు పదిహేనేళ్లు. తల్లి పెంపకంలోనే చదువు సాగింది. తర్వాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో గణితశాస్త్రం చదివాడు గాని, చివరి పరీక్షల వేళ జబ్బుపడటంతో పట్టా చేతికి రాలేదు. పట్టా లేని ఈ యువకుడికే తర్వాతి కాలంలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

1895 నుంచి 1909 వరకు ఆయన వైఎంసీఏలో పనిచేశాడు. దక్షిణ భారతమంతా తిరిగి యువకుల మధ్య సువార్త ప్రకటించాడు. అమెరికా నుంచి వచ్చిన షేర్‌వుడ్ ఎడ్డీతో ఆయనకు ఏర్పడిన స్నేహం జీవితాంతం నిలిచింది. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహం చేసుకున్నాడు. ఆ రోజుల్లో దక్షిణ భారతదేశంలో కళాశాల చదువు చదివిన మొదటి తరం క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. తర్వాత డోర్నకల్‌లో గ్రామ స్త్రీల మధ్య జరిగిన పరిచర్యకు ఆమే వెన్నెముక అయింది.

1902లో అజరయ్య యాళ్పాణం వెళ్లాడు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుషులతో సువార్త పని చేయించడం చూశాడు. తిరునెల్వేలి సంఘం వారికంటే పెద్దది. అయినా తమ పొలిమేర దాటి ఒక్క మిషనెరీని పంపిన చరిత్ర దానికి లేదు. ఆ సిగ్గు ఆయనను కుదురుగా ఉండనివ్వలేదు. 1903 ఫిబ్రవరి 12న తిరునెల్వేలి ఇండియన్ మిషనెరీ సొసైటీ పుట్టింది. దాని నియమం స్పష్టం. భారతీయుల మనుషులతో, భారతీయుల డబ్బుతో, భారతీయుల నిర్వహణలో పని జరగాలి. దాదాపు మూడేళ్ల తర్వాత, 1905 క్రిస్మస్ రోజున, విలియం కేరీ పనిచేసిన శ్రీరాంపూర్‌లో నేషనల్ మిషనెరీ సొసైటీ ఏర్పడింది. దానిని ప్రారంభించిన వారిలో కూడా అజరయ్య ముందువరుసలో ఉన్నాడు.

తిరునెల్వేలి వారు తమ మొదటి పనిస్థలంగా నిజాం రాజ్యంలోని డోర్నకల్‌ను ఎంచుకున్నారు. నేడు అది మహబూబాబాద్ జిల్లాలో ఉంది. ఆనాడు అది రైలు జంక్షను, చుట్టూ అడవి, మధ్యలో పేద పల్లెలు. పంపేవాడు పంపుతూ కూర్చోవడం సరికాదని అజరయ్యకు అనిపించింది. వైఎంసీఏలో దేశమంతా పేరున్న ఉద్యోగం వదులుకుని, 1909లో అభిషేకం పొంది, ముప్పై ఐదేళ్ల వయసులో తానే మిషనెరీగా డోర్నకల్ చేరాడు. భాష రాదు. ఓనమాలు దిద్దుకుని తెలుగు నేర్చుకున్నాడు. తమిళుడైన ఆయనకు తెలుగు పల్లెలు కూడా పరదేశమే.

స్నేహం అడిగిన మనిషి

1910లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనెరీ మహాసభ జరిగింది. వెయ్యిమందికి పైగా ప్రతినిధులు వచ్చిన ఆ సభలో ఆసియా నుంచి వచ్చినవారు వేళ్ల మీద లెక్కించదగినంత మంది. వారిలో అజరయ్య ఒకడు. విదేశీ మిషనెరీలకు, స్థానిక సేవకులకు మధ్య సంబంధం గురించి మాట్లాడమని ఆయనను అడిగారు. ఆయన మర్యాద కోసం నిజాన్ని దాచలేదు. మిషనెరీల త్యాగాన్ని, వారు చేసిన మేలును కృతజ్ఞతతో ఒప్పుకున్నాడు. పేదలకు ఆస్తి పంచి, ప్రాణాలు కూడా అర్పించిన వారిని తక్కువ చేయలేదు. అయితే ఒకే సంఘంలో ఏళ్ల తరబడి కలిసి పనిచేస్తూ కూడా భారతీయ సేవకుడిని ఇంటికి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, భోజనం పెట్టనివారు ఎందరో ఉన్నారని చెప్పాడు. కరచాలనం, కుర్చీ, విందు అనేవి వాటంతట అవే ముఖ్యం కావని, వాటి వెనుక ఉండవలసిన స్నేహమే తాము కోరుతున్నామని అన్నాడు. ప్రేమను గురించి పౌలు కొరింథీయులకు రాసిన పదమూడవ అధ్యాయాన్ని ఆధారం చేసుకుని, దాతలు కాదు, స్నేహితులు కావాలని వేడుకున్నాడు.

సభలో కొందరు నొచ్చుకున్నారు. కొందరికి కోపం వచ్చింది. కానీ ఆ మహాసభలో నేటికీ జ్ఞాపకమున్న ప్రసంగాలలో అది ఒకటి. అజరయ్య మొత్తం పరిచర్యకు తాళపుచెవి కూడా ఈ ప్రసంగంలోనే ఉంది. ఇంటిలో ఒకే బల్ల దగ్గర కూర్చోలేనివారు గుడిలో ఒకే బల్ల దగ్గర మోకరించడంలో ఏదో లోపం ఉందని ఆయన గ్రహించాడు. కొరింథు సంఘంలో ధనికులు ముందే తిని, పేదలు ఆకలితో మిగిలిపోతుంటే, అది ప్రభువు భోజనమే కాదని పౌలు మందలించిన సంగతి మనకు తెలుసు. పంతొమ్మిది వందల ఏళ్ల తర్వాత అజరయ్య మాట్లాడింది అదే విషయం.

రెండున్నరేళ్ల తర్వాత, 1912 డిసెంబరు 29న, కలకత్తాలోని సెయింట్ పాల్ కెథడ్రల్‌లో అజరయ్య డోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టి ఈ కార్యాన్ని సాధించాడు. భారతీయుడి అధికారం కింద ఆంగ్లేయులు పనిచేయాలా అని అభ్యంతరపెట్టినవారు తక్కువేమీ కాదు. మొదట్లో ఆ డయాసిస్ చాలా చిన్నది. తర్వాత తీరాంధ్రలోని, రాయలసీమలోని తెలుగు ఆంగ్లికన్ సంఘాలు కూడా చేరి ఎంతో విశాలమైంది. 1912లో దాదాపు 57 వేలుగా ఉన్న ఆంగ్లికన్ క్రైస్తవులు 1941 నాటికి 2 లక్షల 25 వేలు దాటారు. 1930ల మధ్యకు 2,000 మందికి పైగా గ్రామ ఉపదేశకులు ఆ సంఘాలలో పనిచేస్తున్నారు.

అక్షరం రానివారి నోట ఆరాధన

ఈ అంకెల వెనుక ఉన్న మనుషులెవరు? ఎక్కువమంది మాల, మాదిగ పల్లెలవారు. తరతరాలుగా ఊరి బావి దగ్గరకు, ఊరి గుడి దగ్గరకు, ఊరి బడి దగ్గరకు రానివ్వని ప్రజలు. పుస్తకం చేతికిచ్చినా చదవలేరు. ఇలాంటి సంఘానికి ఇంగ్లాండులో పుట్టిన ప్రార్థన పుస్తకం ఎలా సరిపోతుంది?

ఇక్కడ ఒక చరిత్ర గుర్తు చేసుకోవాలి. ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకం 1549లో మొదట వచ్చినప్పుడు దాని ఉద్దేశం కూడా ఇదే. లాటిన్‌లో గురువు ఒక్కడే జపించే ఆరాధనను ప్రజలకు అర్థమయ్యే భాషలోకి తేవాలని ఆర్చ్‌బిషప్ క్రాన్మర్ తలపెట్టాడు. మరుసటి ఏడు, 1550లో, విండ్సర్ చాపెల్ ఆర్గాన్ వాయిద్యకారుడు జాన్ మెర్బెక్ ఆ ఆరాధనకు స్వరాలు కూర్చాడు. అంతకు కొన్నేళ్ల ముందు మతవిరోధి అనే నేరం మోపి ఆయనకు మరణశిక్ష వేశారు. క్షమాభిక్షతో ప్రాణం దక్కింది. అలాంటివాడు కూర్చిన సంగీతంలో ఆడంబరం లేదు. అక్షరానికి ఒక స్వరం. మాట వినబడాలి, అర్థం కావాలి, సామాన్యుడి నోటికి పట్టాలి. ఆంగ్లికన్ సంప్రదాయంలో పాడే సంస్కార ఆరాధన ఇలా మొదలైంది. గాయక బృందం ఉన్నది సంఘం నోరు మూయించడానికి కాదు, తెరిపించడానికి.

డోర్నకల్ పల్లెలలో జరిగింది దీనికి తెలుగు రూపం. పగలంతా పొలం పని చేసి వచ్చినవారిని ఉపదేశకుడు రాత్రివేళ పాకలో కూర్చోబెట్టి విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు నోటికి నేర్పేవాడు. బైబిల్ కథలు పాటలుగా, కీర్తనలుగా చెప్పేవాడు. డప్పు, తాళం, తెలుగు బాణీ వారికి పుట్టుకతో వచ్చినవే. పల్లె పాటను, పండుగ ఊరేగింపును అజరయ్య గుడి బయట నిలబెట్టలేదు. అవి క్రీస్తు సేవకు పనికిరావని అనుకోలేదు. అదే సమయంలో ఆరాధన క్రమాన్ని కూడా విడిచిపెట్టలేదు. అక్షరం రాని ముసలమ్మ సైతం ఆదివారం ఆదివారం అదే మాట పాడి పాడి, సిద్ధాంతాన్ని గుండెలో నిలుపుకుంటుందని ఆయనకు తెలుసు. ప్రసంగం మరిచిపోవచ్చు. పాడిన ప్రార్థన మరణశయ్య మీద కూడా పెదవుల మీదికి వస్తుంది. పాస్టరుగా రోగుల మంచాల పక్కన నిలబడిన ప్రతివారూ దీనికి సాక్షులే.

ఆ ఆరాధన మనిషి బతుకును తాకాలని కూడా ఆయన పట్టుబట్టాడు. బాప్తిస్మం పొందినవారు తమ తల మీద చెయ్యి పెట్టుకుని, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అని పౌలు చెప్పిన మాటను తమ మాటగా పలకాలి. సువార్త చెప్పడం జీతగాళ్ల పని కాదని దాని భావం. ఇవ్వడం గురించి కూడా అంతే. క్రైస్తవుడి అర్పణ గురించి ఆయన ఒక పుస్తకమే రాశాడు. తిండికి లేనివాడైనా అర్పించవలసినవాడేనని, అడుక్కునే సంఘం ఎప్పటికీ నిలబడదని బోధించాడు. వంటకు బియ్యం తీసేటప్పుడు పిడికెడు ప్రభువు కోసం పక్కన పెట్టే తల్లులు ఆ సంఘాలను పోషించారు. మన పల్లెల్లో నేటికీ ఆ పిడికెడు బియ్యం ఆచారం అక్కడక్కడా ఉంది. సంస్కార ఆరాధనలో రొట్టెతో పాటు మన అర్పణ కూడా బల్ల దగ్గరకు వస్తుంది గదా. ఆ రెండూ ఒకే కదలికలో రావడంలో ఉన్న అర్థాన్ని ఆ పేదతల్లులు వేదాంత పాఠశాలకు వెళ్లకుండానే గ్రహించారు.

డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్ కూడా ఇదే మనసుకు సాక్ష్యం. దాదాపు పాతికేళ్ల శ్రమ తర్వాత 1939 జనవరి 6న, జ్ఞానులు శిశువును దర్శించిన పండుగనాడు, దానిని ప్రతిష్ఠించారు. అందులో మసీదును తలపించే గుమ్మటాలున్నాయి. దేవాలయ మండపాన్ని గుర్తుచేసే స్తంభాలున్నాయి. రాతిలో చెక్కిన తామరపూలున్నాయి. అన్నిటి మీద సిలువ ఉంది. మెదక్ దేవాలయం గోథిక్ పద్ధతిలో ఆకాశాన్ని తాకేలా నిలబడితే, డోర్నకల్ దేవాలయం ఈ నేల మట్టిలోంచి మొలిచినట్టు కనిపిస్తుంది. రెండూ మనవే.

బల్ల దగ్గర గీసిన గీతలు

అజరయ్య ముందు రెండు పెద్ద గోడలున్నాయి. ఒకటి కులం. రెండోది డినామినేషన్. రెండూ ప్రభువు బల్ల దగ్గరే బయటపడ్డాయి.

దక్షిణ భారత సంఘంలో కులం కథ పాతది. పంతొమ్మిదో శతాబ్దం ఆరంభంలో తంజావూరు, మద్రాసు ప్రాంతాల సంఘాల్లో పై కులాల క్రైస్తవులు వేరుగా కూర్చునేవారు. పాత్ర కూడా ముందు వారికే అందాలి. 1833లో కలకత్తా బిషప్పు డేనియల్ విల్సన్ ఈ భేదాన్ని సంఘంలో నిర్మొహమాటంగా విడిచిపెట్టాలని ఉత్తరువు పంపితే, ఎందరో సంఘాన్నే విడిచిపోయారు. అజరయ్యకు ఈ చరిత్ర తెలుసు. ఆయన పుట్టిన నాడార్ కులం కూడా పై కులాల చేతిలో అవమానాలు పడినదే. డోర్నకల్ డయాసిస్‌లో ఆయనకు మాల, మాదిగల మధ్య ఉన్న దూరం ఎదురైంది. ఒకే క్రీస్తును నమ్మి, ఒకే పల్లెలో ఉంటూ, ఒకరి పక్కన ఒకరు కూర్చోలేని దుస్థితి. ఒకే రొట్టె తినేవారు ఒకే శరీరమని ఆయన ఏళ్ల తరబడి బోధించాడు. చాలాచోట్ల గోడలు కూలాయి. మారిన ఆ బతుకులు చూసి శూద్ర కులాలవారు కూడా వేల సంఖ్యలో సంఘంలోకి వచ్చారు. అయినా అన్నిచోట్లా గెలిచాడని చెప్పడం అబద్ధమవుతుంది. ఆయన చివరి ఏళ్లలో కూడా సొంత డయాసిస్‌లో కులం పేరిట వర్గాలు, ఫిర్యాదులు, ఆయన నాయకత్వం మీద అసంతృప్తి కనిపించాయి. ఒక దైవజనుడి జీవితకాలంలో ఊడిపోయేంత చిన్న వేరు కాదు కులం.

రెండో గోడ పడమటి దేశాలనుంచి వచ్చింది. ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ అనే పేర్లు ఇంగ్లాండు, స్కాట్లండ్ చరిత్రలో పుట్టాయి. ఆ తగాదాలతో సంబంధం లేని తెలుగు రైతు, తమ ఊరికి ఏ మిషనెరీ ముందు వచ్చాడన్న ఒక్క కారణంగా ఒక పేరు తగిలించుకోవలసి వచ్చింది. పక్క ఊరి క్రైస్తవుడితో కలిసి పాడవచ్చు, కలిసి ప్రార్థించవచ్చు. సంస్కార భోజనం వచ్చేసరికి మాత్రం విడిపోవాలి. ఎందుకంటే ఆంగ్లికన్ నియమం ప్రకారం బిషప్పు చేతి అభిషేకం పొందిన గురువే బల్ల దగ్గర నిలబడాలి. మిగతా సంఘాల గురువులకు ఆ అభిషేకం లేదు.

1919 మే 1, 2 తేదీల్లో తరంగంబాడిలో, 1706లో జీగెన్‌బాల్గ్ అడుగుపెట్టిన ఆ తీరంలోనే, 33 మంది సంఘసేవకులు సమావేశమయ్యారు. వారిలో 31 మంది భారతీయులు. అజరయ్య వారిలో ప్రముఖుడు. తమకు సంబంధం లేని విభజనలను తాము మోయనక్కరలేదని, సువార్త పని కోసం ఒక్క సంఘం కావాలని వారు పిలుపునిచ్చారు. అక్కడ మొదలైన చర్చలు ఇరవై ఎనిమిదేళ్లు సాగాయి. 1925లో మెథడిస్టులు కూడా చర్చల్లో చేరారు. అంటే మన మెదక్ ప్రాంతపు సంఘాల భవిష్యత్తు కూడా ఆ బల్ల మీదికి వచ్చింది.

ఆ చర్చలు ఎంత కష్టమైనవో నేడు ఊహించడం కూడా సులభం కాదు. బిషప్పులు ఉండాలా, వద్దా? అభిషేకం ఎవరు చేయాలి? గురువు లేనిచోట సంఘ పెద్ద బల్ల నడిపించవచ్చా? ఒక్కో ప్రశ్న మీద ఏళ్లు గడిచాయి. అజరయ్య తన ఆంగ్లికన్ వారసత్వాన్ని ప్రేమించాడు. బిషప్పు పరిచర్య, క్రమమైన ఆరాధన సంఘానికి దేవుడిచ్చిన వరాలని నమ్మాడు. అందుకే వాటిని దాచుకోకుండా అందరితో పంచుకోవాలని కోరాడు. 1927లో స్విట్జర్లాండులోని లోజాన్‌లో జరిగిన విశ్వాస క్రమ మహాసభలోను, 1930 లాంబెత్ సమావేశంలోను ఆయన ఇదే వాదించాడు. పడమటి దేశాల్లో సంఘాల విభజన ఒక బలహీనత కావచ్చు గాని, కులాలతో ఇప్పటికే చీలిన భారతదేశంలో అది పాపమని, సువార్తకు అడ్డమని ఆయన అభిప్రాయం. కులాన్ని విడిచి రమ్మని పిలిచే సంఘం, తానే మరో రకమైన కులాలుగా ఉంటే ఎవరు నమ్ముతారు?

దేశ రాజకీయాల్లోనూ ఆయన ఇదే నడవడి చూపాడు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తామన్నప్పుడు, అవి సంఘాన్ని రాజకీయ వర్గంగా మార్చి పొరుగువారి నుంచి వేరుచేస్తాయని వ్యతిరేకించాడు. మతమార్పిడి విషయంలో గాంధీజీతో విభేదించాడు గాని, దేశం మీద ప్రేమలో ఎవరికీ తీసిపోలేదు.

చూడకుండానే వెళ్లిపోయాడు

1945 జనవరి 1న, కొత్త సంవత్సరం మొదటి రోజున, డోర్నకల్‌లో బిషప్పు అజరయ్య ప్రభువునందు నిద్రించాడు. డెబ్బై ఏళ్ల వయసు. పావు శతాబ్దం పాటు ఆయన శ్రమించిన ఐక్యత ప్రణాళికకు ఆంగ్లికన్ సంఘపు జనరల్ కౌన్సిల్ ఆమోదం తెలిపింది అదే నెలలో. ఆయన కొద్దిరోజులు బతికి ఉంటే ఆ కబురు వినేవాడు. నెబో కొండ మీద నిలబడి వాగ్దాన దేశాన్ని చూసిన మోషేకు ఉన్నపాటి భాగ్యం కూడా ఆయనకు దక్కలేదు.

1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కెథడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఆవిర్భవించింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఒక్కటయ్యారు. బిషప్పులున్న సంఘమూ లేని సంఘాలూ ఇలా కలవడం లోకంలో అదే మొదటిసారి. డోర్నకల్, మెదక్ రెండూ ఒకే సంఘంలో డయాసిస్‌లయ్యాయి. మెథడిస్టు మిషనెరీ ఫ్రాంక్ విటేకర్ మెదక్‌కు మొదటి బిషప్పు అయ్యాడు. అయితే ఆ సంతోషంలోనూ ఒక కన్నీటి చుక్క ఉంది. అజరయ్య స్వయంగా మేపిన నంద్యాల ప్రాంతంలో చాలా సంఘాలు ఈ ఐక్యతలో చేరకుండా వెలుపలే ఉండిపోయాయి. వారు చేరడానికి దశాబ్దాలు పట్టింది.

ఒక్కటైన సంఘానికి ఒక బల్ల కావాలి గదా. 1950లో దక్షిణ ఇండియా సంఘం తన సంస్కార ఆరాధన క్రమాన్ని ప్రచురించింది. 1963లో అది సామాన్య ఆరాధన గ్రంథంలో భాగమైంది. అందులో ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకపు గాంభీర్యం ఉంది. ఇతర సంఘాల నుంచి వచ్చిన స్వేచ్ఛా ప్రార్థనకు, వాక్యపరిచర్యకు చోటుంది. కేరళలోని తోమా క్రైస్తవుల ప్రాచీన ఆచారం నుంచి సమాధానం అందించే పద్ధతి వచ్చింది. గురువు బల్ల వద్ద నుంచి తెచ్చిన సమాధానాన్ని చేతులలో చేతులుంచి ఒకరి నుంచి ఒకరు అందుకుంటారు. గురువు సంఘానికి వీపు చూపకుండా, బల్ల వెనుక నిలబడి అందరి ముఖాలు చూస్తాడు. సంఘం పలకవలసిన, పాడవలసిన మాటలు పెరిగాయి. లోకంలోని ఎన్నో సంఘాలు తర్వాత తమ ఆరాధన క్రమాలను దిద్దుకునేటప్పుడు ఈ క్రమాన్ని గౌరవంతో పరిశీలించాయి.

మెథడిస్టు వారసత్వం ఉన్న మనకు ఇది పరాయిది అనుకోనక్కరలేదు. జాన్ వెస్లీ మరణించేవరకు ఆంగ్లికన్ గురువుగానే ఉన్నాడు. 1784లో అమెరికాలోని మెథడిస్టుల కోసం ఆయన పంపిన ఆరాధన పుస్తకం ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకానికి సంక్షిప్త రూపమే. 1745లో ఆయన, తమ్ముడు చార్లెస్ వెస్లీ కలిసి ప్రభు రాత్రి భోజనం కోసమే 166 కీర్తనలతో ఒక సంపుటి తెచ్చారు. పాడుతూ బల్ల దగ్గరకు రావడం మన పితరుల అలవాటే. విడిపోయిన అన్నదమ్ములు 1947లో తిరిగి కలిసినప్పుడు, ఇంటి పాట ఇద్దరికీ గుర్తుంది.

మన ఎదుట ఉన్న బల్ల

ప్రియులారా, అజరయ్య జీవితం చదివి ఆయనను పొగిడి ఊరుకుంటే సరిపోదు. ఆదివారం మనం పాడే ప్రతి పాట వెనుక ఒక మూల్యం ఉంది. ఎడిన్‌బరోలో ఆయన చిన్నబుచ్చుకున్న ముఖాల ముందు నిలబడి మాట్లాడిన ధైర్యం ఉంది. పాతికేళ్ల చర్చల్లో ఆయన చూపిన ఓర్పు ఉంది. అక్షరం రాని వేలమంది పల్లె విశ్వాసుల గొంతుక ఉంది.

అందుకే గాయక బృందంలో నిలబడే యువతీయువకులకు ఒక మాట. మీ స్వరం బాగుందని నలుగురూ మెచ్చుకోవడంతో మీ పరిచర్య పూర్తికాదు. వెనుక వరుసలో కూర్చున్న కూలితల్లి మీతో గొంతు కలిపిందా? అదే మీకు కొలత. మైకుల హోరులో, కీబోర్డుల ఉరవడిలో సంఘం ప్రేక్షకులుగా మిగిలిపోతే, 1549కి ముందున్న స్థితికి మనమే వెనక్కి వెళ్లినట్టు. అలాగని కొత్త పాటలు వద్దనడం లేదు. పల్లె బాణీలను గుడిలోకి ఆహ్వానించిన అజరయ్య వారసులం మనం. పాత క్రమమైనా, కొత్త పాటైనా సంఘమంతా పాడాలన్నదే నియమం.

పెద్దలకు మరో మాట. త్రిపరిశుద్ధ గీతం పాడిన పెదవులతోనే గుడి మెట్లు దిగగానే కులం పేరు చెప్పి పొరుగువాడిని వేరుచేస్తే, ఆ పాట పరలోకంలో ఎలా వినబడుతుంది? సంఘ ఎన్నికల్లో కులాల లెక్క వేసి ఓట్లు అడిగితే, సమాధానం అందించిన ఆ చేతులకు అర్థమేముంది? పిల్లల పెళ్లిళ్ల మాట వచ్చినప్పుడు ఒకే శరీరమన్న సత్యం ఎందుకు గుర్తుకు రాదు? కల్లాల్లో కలిసి పనిచేసి, ఒకే కాలువ నీళ్లు పంచుకునే మన పల్లెల్లో, గుడిలో మాత్రం ఎవరి వరుస వారికి ఉండటం ప్రభువు బల్లకే అవమానం. బిషప్పు అజరయ్య పూర్తిచేయలేకపోయిన పని అదే. ఆయన మన కోసం మిగిల్చిపోయిన పని కూడా అదే.

వచ్చే సంస్కార ఆదివారం బల్ల దగ్గరకు వెళ్లేముందు, పౌలు చెప్పినట్టు ఎవరిని వారు పరీక్షించుకుందాం. మాట్లాడుకోని సహోదరుడు ఎవరైనా ఉంటే, ఆరాధన మొదలయ్యేలోగానే ఆయన ఇంటి గడప తొక్కుదాం. కుదిరితే ఆ ఇంట భోజనం చేద్దాం, లేదా మన ఇంటికి పిలుద్దాం. అప్పుడు ఇద్దరం పక్కపక్కనే మోకరించి, ఒకే రొట్టెలో పాలుపొంది, ఒకే గొంతుతో దేవుని గొర్రెపిల్లను స్తుతిద్దాం. మన సంఘాలను పుట్టించి, పోషించి, ఒక్కటిగా చేసిన త్రియేక దేవునికే మహిమ కలుగును గాక. ఆమేన్.